బండి ఆగిన చోట

"రాత్రిళ్లు బండి ఎక్కడ ఆపుతారు మేడమ్?"

లారీ డ్రైవర్ ఉద్యోగానికి వచ్చిన ఒకావిడ ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. అప్పటికి పావుగంటగా నేనే మాట్లాడుతున్నాను. కొత్త బండ్లు, ఆటోమేటిక్ గేర్లు, క్యాబిన్‌లో ఏసీ, ఆడవాళ్లకు విడిగా శిక్షణ అని వరసగా చెప్పుకుంటూ పోయాను. ఆవిడ ఓపిగ్గా విన్నది. ఇక జీతం గురించి అడుగుతుందని కాగితాలు సర్దుకుంటుంటే ఈ ప్రశ్న వచ్చింది. నా దగ్గర జవాబు లేదు. "రూటును బట్టి ఉంటుంది" అన్నాను. "లోడింగ్ దగ్గర బాత్రూమ్ ఉంటుందా?" అని అడిగింది. "అదీ చోటును బట్టే" అన్నాను.

ఆవిడ చేరింది. బండి బాగా నడిపింది. అయిదో నెలలో మానేసింది. వెళ్లేటప్పుడు నింపే ఫారంలో కారణం దగ్గర "కుటుంబ సమస్యలు" అని రాసింది. మా ఫైల్లో అది అలాగే ఉండిపోయింది. కొన్ని వారాల తర్వాత మనసు ఊరుకోక ఫోన్ చేశాను. బాత్రూమ్ దొరకదన్న భయంతో మధ్యాహ్నం తర్వాత నీళ్లు తాగడం మానేసిందట. రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చిందట. రెండోసారి జ్వరంతోనే బండి తెచ్చి, తాళాలు అప్పజెప్పి వెళ్లిపోయింది. "ఇంట్లో వద్దన్నారు, అది నిజమే. ఎందుకు వద్దన్నారో రాయడానికి మీ ఫారంలో చోటు లేదు" అంది.

సరుకు రవాణా కంపెనీల్లో డ్రైవర్లను చేర్చుకునే పని, ట్రిప్పులు వేసే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఆ ఫోన్ తర్వాత నా ఆలోచన మారింది. ఆడవాళ్లు ఈ పనిలోకి రావడం లేదని, వచ్చినా నిలవడం లేదని మా రంగంలో అందరం అంటాం. డ్రైవర్ పని అంటే స్టీరింగే అనుకుంటాం కాబట్టి ఎప్పుడూ స్టీరింగ్ గురించే మాట్లాడతాం. నేను చూసినంతలో, బండి కదులుతున్నంతసేపూ ఆడ డ్రైవర్‌కీ మగ డ్రైవర్‌కీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా అంతా బండి ఆగాక మొదలవుతుంది. గోడౌన్ గేటు ముందు వరసలో, రాత్రి పార్కింగులో, శిక్షణ రోజుల్లో ఇంకొకరితో కలిసి పడుకోవాల్సిన క్యాబిన్‌లో, బండి చెడిపోయి మెకానిక్ కోసం ఎదురుచూసే రోడ్డు పక్కన. ఆగిన బండి బాధ్యత ఎవరిదో తేల్చకుండా ఆడవాళ్లు కావాలని ప్రకటనలు వేయడం అన్యాయం. ఇన్నేళ్లు అలాంటి ప్రకటనలు రాసిన మనిషిగానే ఈ మాట అంటున్నాను.

ప్రకటనలు ఎందుకు పెరిగాయో తెలిసిందే. డ్రైవర్లు దొరకడం లేదు. అంతర్జాతీయ రోడ్డు రవాణా సంస్థ ఐఆర్‌యూ 2023లో 36 దేశాల పరిస్థితి చూసి, 30 లక్షలకు పైగా ట్రక్కు డ్రైవర్ ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయని చెప్పింది. ఉన్నవాళ్ల వయసు పైబడుతోంది, కుర్రవాళ్లు ఇటు చూడటం లేదు. అప్పుడు అందరికీ ఆడవాళ్లు గుర్తొచ్చారు. అమెరికాలో 2021లో వచ్చిన మౌలిక వసతుల చట్టంలో ఒక లెక్క రాసి ఉంది: ఆ దేశంలో పనిచేసేవాళ్లలో ఆడవాళ్లు 47 శాతం, ట్రక్కు డ్రైవర్లలో మాత్రం 6.6 శాతం. ఈ తేడా తగ్గించే మార్గాలు చెప్పడానికి ఒక సలహా మండలిని కూడా ఆ చట్టం కిందే వేశారు.

కొరత వచ్చినప్పుడే గుర్తొచ్చామా అని నేను నిష్ఠూరమాడను. ఎలా వచ్చినా అవకాశం అవకాశమే. నా బాధ ఇంకొకటి. ఖాళీ సీటులోకి మనిషిని పిలిచేటప్పుడు ఆ సీటు ఎందుకు ఖాళీ అయిందని అడగడం లేదు. మగవాళ్లు విసిగిపోయి దిగిపోతున్న బండిలోకే ఆడవాళ్లను ఎక్కమంటున్నాం. విసుగు పుట్టించినవేవీ మార్చలేదు.

అసలు ఆడవాళ్లు లారీ నడపగలరా అనే ప్రశ్న ఇప్పటికీ నాకు ఎదురవుతుంది. దానికి జవాబు వచ్చి వందేళ్లయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సైన్యంలోకి వెళ్లిపోతే, 1918లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ట్రక్కులు తయారుచేసే ఒక కంపెనీ ఆడవాళ్లను టెస్ట్ డ్రైవర్లుగా తీసుకుంది. వాళ్లలో ఒకరైన లుయెల్లా బేట్స్ యుద్ధం ముగిశాక కూడా ఆ ట్రక్కులను ఊరూరా నడిపి చూపించింది. పవర్ స్టీరింగ్ లేని రోజులు అవి. టెక్సాస్‌లో లిల్లీ డ్రెనన్ 1929లో ట్రక్కు డ్రైవర్‌గా లైసెన్సు తెచ్చుకుంది. చిన్నప్పటి జబ్బు వల్ల ఆమెకు వినికిడి సరిగా లేదు. అది చూపించి లైసెన్సు ఇవ్వడానికి అధికారులు వెనకాడితే పట్టుబట్టి సాధించింది. సొంత ట్రక్కుల వ్యాపారం రెండు దశాబ్దాలకు పైగా నడిపింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆడ డ్రైవర్లను చేర్చుకోవడానికి సైన్యమే ఆమె సాయం కోరింది. యుద్ధం వచ్చినప్పుడల్లా ఆడవాళ్ల బలం మీద ఎవరికీ అనుమానం రాలేదు.

చట్టం పెట్టి ఆపిన దేశాలూ ఉన్నాయి. రష్యాలో ఆడవాళ్లు చేయకూడని 456 పనుల జాబితా ఒకటి ఉండేది. పెద్ద ట్రక్కులు నడపడం అందులో ఉంది. 2021 నుంచి ఆ జాబితాను సుమారు వందకు తగ్గించారు, ట్రక్కుల మీద నిషేధం పోయింది. యుక్రెయిన్ అంతకు ముందే 2017 చివర్లో తన జాబితాను ఎత్తేసింది. పిల్లలు పుట్టే ఆరోగ్యాన్ని కాపాడటం కోసమే ఈ నిషేధాలని చెప్పేవారు. బండి అదురు ఒంటికి హాని చేస్తుందన్నది నిజమే, వెన్నుపూసకు ఎంత హాని చేస్తుందో ఏ పాత డ్రైవర్‌ని అడిగినా చెబుతాడు. అయితే అదురు తగ్గే సీటు వేయాలి. మనిషిని దింపేసి సీటును అలాగే ఉంచితే ఎవరి ఆరోగ్యం కాపాడినట్టు?

బలం సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. నలభై టన్నుల బండిని ఎవరూ భుజబలంతో తిప్పరు. బలం కావాల్సింది ట్రైలర్ కాళ్లు దించే హ్యాండిల్ తిప్పేటప్పుడు, టార్పాలిన్ ఎక్కించి తాళ్లు బిగించేటప్పుడు. ఆ పనుల్లో భుజాలు పాడుచేసుకున్న మగవాళ్లను నేను చాలామందిని చూశాను. తేలికైన టార్పాలిన్లు, సరిగా గ్రీజు పెట్టిన హ్యాండిళ్లు వాళ్లకూ అవసరమే.

ఇక బాత్రూమ్. దీని గురించి మాట్లాడటానికి మీటింగుల్లో అందరూ మొహమాటపడతారు. నేను ఆపకుండా మాట్లాడతాను, ఎందుకంటే నా లెక్కలో మొదటి ఏడాదిలో మానేసే ఆడవాళ్ల అసలు కారణాల్లో ఇది ముందు వరసలో ఉంది. గోడౌన్లో స్టాఫ్‌కు బాత్రూమ్ ఉంటుంది. బయటి డ్రైవర్లను లోపలికి రానివ్వరు. గేటు బయట ఒకటి కట్టి ఉంటే దానికి తాళం ఉంటుంది, తాళం చెవి సెక్యూరిటీ గార్డు దగ్గర ఉంటుంది, ఆ గార్డు షిఫ్టు మారి వెళ్లిపోయి ఉంటాడు. మగ డ్రైవర్ బండి చాటుకు వెళ్తాడు. అతనికీ అది గౌరవం కాదు. పది మంది మగవాళ్లున్న యార్డులో ఆడ డ్రైవర్‌కు ఆ చాటు కూడా లేదు. నెలసరి రోజుల్లో ఆ తాళం వేసిన తలుపు ముందు నిలబడటం ఎలా ఉంటుందో ఆలోచించండి. అందుకని నీళ్లు తాగడం మానేస్తారు. నీళ్లు తాగకుండా ఎండలో బండి నడిపే మనిషికి తలనొప్పి, మగత, ఏకాగ్రత తప్పడం అన్నీ వస్తాయి. ఇది ఆడవాళ్ల సొంత విషయమని ఎవరైనా అంటే, ఆ బండి పక్కనుంచి వెళ్లే ప్రతి కారులోనూ ఒక కుటుంబం ఉంటుందని గుర్తు చేస్తాను.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో పనిచోట హింస, వేధింపుల మీద ఒక ఒప్పందం చేసింది. 190వ ఒప్పందం అంటారు. దాన్ని మొదటిసారి చదివినప్పుడు ఒక చోట ఆగిపోయాను. పనిచోటు అంటే ఏమిటో చెబుతూ, పనిచేసేవాళ్లు విశ్రాంతి తీసుకునే చోటు, భోజనం చేసే చోటు, బాత్రూమ్, బట్టలు మార్చుకునే చోటు కూడా పనిచోటే అని అందులో రాశారు. పని మీద చేసే ప్రయాణాన్నీ కలిపారు. లారీ డ్రైవర్ కోసం ప్రత్యేకంగా రాసినది కాదు, అయినా అంతకన్నా సరిగ్గా సరిపోయే మనిషి ఉండదు. ఇది ఒప్పుకుంటే "గోడౌన్ మాది కాదు, పార్కింగ్ మాది కాదు" అని కంపెనీ తప్పించుకోలేదు. పంపింది మనమే కదా.

రాత్రి పార్కింగ్ దగ్గరికి వద్దాం. అమెరికాలో 2009లో ఒక డ్రైవర్ తెల్లారి సరుకు దించాల్సిన చోటికి ముందే చేరుకున్నాడు. అంత ముందుగా లోపలికి రానివ్వరు. దగ్గర్లో సరైన పార్కింగ్ లేక మూతపడిన ఒక పెట్రోలు బంకులో బండి ఆపి పడుకున్నాడు. దోచుకోవడానికి వచ్చినవాడు కాల్చి చంపాడు. దొరికింది ఏడు డాలర్లు. అతని భార్య చేసిన పోరాటం వల్ల 2012లో ట్రక్కు పార్కింగ్ మీద ఒక చట్టం వచ్చింది, దానికి అతని పేరే పెట్టి జేసన్స్ లా అంటారు. చనిపోయింది మగవాడు. ఈ కథను ఆడవాళ్ల సంగతి చెప్పేటప్పుడు ఎందుకు తెస్తానంటే, మగవాడికే ప్రాణం మీదికి వచ్చే ఏర్పాటులోకి ఆడవాళ్లను పిలిచి "ధైర్యం ఉండాలి" అని చెప్పడం ఎంత పొరపాటో అర్థం కావాలని. ఐరోపాలో కూడా రాత్రిపూట ట్రక్కులు ఆపడానికి సుమారు లక్ష చోట్లు తక్కువగా ఉన్నాయని ఐరోపా కమిషన్ కోసం చేసిన అధ్యయనం 2019లో తేల్చింది. చోటు దొరకనప్పుడు డ్రైవర్ హైవే పక్కన, దిగే దారి అంచున ఆపుకుంటాడు. నిద్రపోకుండా ముందుకు వెళ్లడానికి పని గంటల చట్టం ఒప్పుకోదు, ఒళ్లు అంతకన్నా ఒప్పుకోదు.

ఐరోపా సమాఖ్య 2020లో తెచ్చిన నిబంధనల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. 45 గంటల వారపు విశ్రాంతిని డ్రైవర్లు బండిలో గడపకూడదు. పడక, స్నానపు వసతి సరిగా ఉన్న, ఆడవాళ్లకూ మగవాళ్లకూ అనువైన చోట ఉండాలి, ఆ ఖర్చు యజమాని భరించాలి. బండి ఆగాక డ్రైవర్ ఎక్కడ ఉంటాడన్నది యజమాని బాధ్యత అని ఒక చట్టం ఇంత సూటిగా చెప్పడం చిన్న సంగతి కాదు. రోజువారీ రాత్రి విశ్రాంతికి ఇది వర్తించదు, అక్కడ ఇంకా క్యాబినే గతి. మొదలైతే అయింది.

అన్నిటికన్నా కష్టమైన ముడి శిక్షణ దగ్గర ఉంది. అమెరికా లాంటి దూరాలున్న చోట కొత్తగా లైసెన్సు తీసుకున్న డ్రైవర్‌ను చాలా కంపెనీలు ఒక అనుభవజ్ఞుడితో కలిపి కొన్ని వారాల పాటు రోడ్డు మీదికి పంపుతాయి. ఒకే క్యాబిన్, రెండు అంతస్తుల పడక. పగలు నేర్పేదీ అతనే, చివర్లో పాస్ చేసేదీ అతనే. ఇల్లు వందల మైళ్ల దూరంలో ఉంటుంది. నేర్పేవాడు మంచివాడైతే ఏ ఇబ్బందీ లేదు, చాలామంది మంచివాళ్లే. కానివాడు తగిలితే కొత్తగా వచ్చిన అమ్మాయికి బయటపడే దారి లేదు. బండి దిగితే ఉద్యోగం పోతుంది, దిగకపోతే ఆ రాత్రి గడవాలి. ఫిర్యాదు చేస్తే ముందుగా ఆమెనే బండి దింపి ఇంటికి పంపుతారు. విచారణ జరిగినన్నాళ్లూ ఆమెకు ట్రిప్పు లేదు, ట్రిప్పు లేకపోతే డబ్బు లేదు. అతనికి మాత్రం ఇంకో ట్రైనీ దొరుకుతాడు. వేధింపులకు గురై కూడా నోరు మెదపని వాళ్లను పిరికివాళ్లు అనుకునే ముందు ఈ లెక్క వేసి చూడాలి.

దీనికి అందరికీ ముందు తట్టే పరిష్కారం, ఆడవాళ్లకు ఆడవాళ్లే నేర్పాలని. అమెరికాలో ఒక పెద్ద కంపెనీ అదే చేసింది. ఆడ ట్రైనర్లు కొద్దిమందే ఉన్నారు. దాంతో చేరాలనుకున్న ఆడవాళ్లు వెయిటింగ్ లిస్టులో పడ్డారు. మగవాళ్లు వచ్చిన వెంటనే బండి ఎక్కుతుంటే వీళ్లు నెలల తరబడి పిలుపు కోసం చూశారు, కొందరికి పిలుపే రాలేదు. ఉద్యోగంలో వివక్షను చూసే ప్రభుత్వ సంస్థ కోర్టుకు వెళ్లింది. 2014లో ఫెడరల్ కోర్టు ఆ పద్ధతి చట్టవిరుద్ధమని చెప్పింది. కాపాడదామని పెట్టిన నియమమే తలుపు మూసేసింది.

ఈ కేసు గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. మొదట కోర్టు మీద కోపం వచ్చింది. తర్వాత కోర్టు చెప్పిందే సరైనదనిపించింది. నేర్పేది ఆడా మగా అన్న దగ్గరే అందరం చిక్కుకుపోయాం. పగలు సీట్లో పక్కన కూర్చుని నేర్పడంలో ఇబ్బంది చాలా తక్కువ. బండి ఆగాక ఇద్దరూ ఒకే పెట్టెలో పడుకోవాలనడం దగ్గరే ఉంది అసలు ప్రమాదం. అయితే ఆ పడక తీసేయండి. శిక్షణ నెలల్లో సాయంత్రానికి తిరిగి వచ్చే రూట్లు వేయండి. రాత్రి ఆగక తప్పకపోతే ఇద్దరికీ వేరువేరు గదులు ఇవ్వండి. పాస్ చేసే అధికారం ఒక్కరి చేతిలో పెట్టకుండా ఇంకొకరితో పరీక్ష చేయించండి. ఫిర్యాదు వచ్చినప్పుడు విచారణ ముగిసేదాకా ఆమె జీతం ఆగకూడదు, ఆమెకు వేరే బండి ఇవ్వాలి. వీటికి డబ్బు ఖర్చవుతుంది. అవును, అవుతుంది. ఒక డ్రైవర్‌ను వెతికి, నేర్పి, ఆరు నెలల్లో పోగొట్టుకోవడానికి అయ్యే ఖర్చు కూడా నాకు తెలుసు, ఆ బిల్లులు నా టేబుల్ మీదుగానే పోతాయి.

ఆడ ట్రైనర్లు వద్దని కాదు. వాళ్లు పెరగాలి. తనలాంటి మనిషి ఒకరు పెద్ద బండిని రివర్స్‌లో ఇరుకు డాక్‌కు, అంటే సరుకు ఎక్కించే దించే అరుగుకు, ఆనించడం చూస్తే కొత్తమ్మాయికి వచ్చే ధైర్యం నా మాటలతో రాదు. ట్రైనర్లు పెరగాలంటే ముందు డ్రైవర్లుగా నాలుగైదేళ్లు నిలబడేవాళ్లు ఉండాలి కదా.

గంటల తరబడి ఎదురుచూడటం గురించి చెప్పాలి. లోడు ఎక్కించడానికో దించడానికో చెప్పిన టైముకు వెళ్తే నాలుగు గంటలు, ఆరు గంటలు గేటు దగ్గర ఆపేస్తారు. కిలోమీటరుకో మైలుకో ఇంత అని జీతం ఇచ్చే చోట ఆ గంటలకు పైసా రాదు. అమెరికాలో 1938 నాటి కార్మిక చట్టం ఓవర్‌టైమ్ ఇవ్వాలంటూనే, రాష్ట్రాలు దాటి నడిపే ట్రక్కు డ్రైవర్లను అందులోంచి మినహాయించింది. ఆ మినహాయింపు ఇప్పటికీ ఉంది. 2018లో అక్కడి రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఒక నివేదిక ఇచ్చింది: లోడింగ్ దగ్గర ఆగే సగటు సమయం 15 నిమిషాలు పెరిగితే ప్రమాదాల రేటు 6.2 శాతం పెరుగుతుందని అంచనా. పోయిన టైమును రోడ్డు మీద రాబట్టుకోవాలని చూస్తారు కాబట్టి అలా జరుగుతుంది.

ఆడ డ్రైవర్‌కు ఈ ఎదురుచూపులో ఇంకో నష్టం ఉంది. నాలుగు గంటలు ఆలస్యమైతే ఆ రాత్రి ఎక్కడ ఆగాలని అనుకుందో అక్కడికి చేరలేదు. వెలుతురున్న, నలుగురూ ఉన్న పార్కింగ్ సాయంత్రానికే నిండిపోతుంది. పొద్దున జాగ్రత్తగా వేసుకున్న ప్లాన్ అంతా ఎవరో గోడౌన్ సూపర్‌వైజర్ చేసిన ఆలస్యానికి చెడిపోతుంది. ఇంట్లో పిల్లలుంటే వాళ్లను చూసుకునే మనిషి టైము కూడా తప్పుతుంది. అందుకే పిల్లలున్న డ్రైవర్లు నాతో ఎక్కువగా అడిగేది తక్కువ పని కాదు, చెప్పిన టైముకు ముగిసే పని. ఎన్ని గంటలైనా సరే, ముందే చెప్పండి చాలు అంటారు. రెండు ఊళ్ల మధ్య సగం దారిలో బండ్లు మార్చుకుని ఎవరి ఇంటికి వాళ్లు తిరిగి వచ్చేలా రిలే పద్ధతిలో ట్రిప్పులు వేస్తే ఇది కుదురుతుంది. వేయడం కష్టమేమీ కాదు, నేనే వేస్తాను కాబట్టి చెబుతున్నాను. మగ డ్రైవర్లు కూడా ఆ ట్రిప్పుల కోసం అడుగుతారు.

బండి తయారీలోనూ ఆడవాళ్ల కొలతలు చాలా ఆలస్యంగా చేరాయి. అమెరికాలో వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ సుమారు 1950 మంది ట్రక్కు డ్రైవర్ల ఒంటి కొలతలు తీసి 2015లో ప్రచురించింది. అందులో ఆడవాళ్లు రెండు వందల మంది కూడా లేరు, అయినా వాళ్లను కలిపి కొలిచారు. ఆ మాత్రం చేయకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. పెడల్ అందాలంటే సీటు ముందుకు జరపాలి, ముందుకు జరిపితే స్టీరింగ్ పొట్టకు తగులుతుంది, సీటు బెల్టు మెడ మీదికి వస్తుంది. నడుము వెనక దిండు పెట్టుకుని రోజుకు తొమ్మిది గంటలు నడిపిన ఒక డ్రైవర్, "బండి నాకు పెద్దది కాదక్కా, సీటే నాది కాదు" అంది. కొత్త బండ్లు కొనేటప్పుడు ఒక్కసారైనా పొట్టి డ్రైవర్‌ని కూర్చోబెట్టి చూసి కొనమని అడిగితే కొనుగోలు విభాగం వాళ్లు ఆశ్చర్యపోయారు. ఆ తర్వాత చేశారు కూడా.

ఆడవాళ్లను పిలవాలనేవాళ్లు తరచూ చెప్పే ఒక మాట నాకు నచ్చదు. ఆడ డ్రైవర్లు ప్రమాదాలు తక్కువ చేస్తారు కాబట్టి తీసుకోండి అంటారు. ఇందాక చెప్పిన 2021 చట్టంలోనే, ఆడ ట్రక్కు డ్రైవర్లు ప్రమాదంలో చిక్కుకునే అవకాశం మగవాళ్ల కంటే 20 శాతం తక్కువ అని రాశారు. మంచి మాటే, సంతోషం. కానీ పని చేసే హక్కుకు అది ఆధారం కాకూడదు. రేపు ఒకామె బండి ఎక్కడో తగిలిస్తే "ఆడవాళ్లు జాగ్రత్తగా నడుపుతారన్నారుగా" అని ఆమె ఒక్కర్తినే కాదు, ఆ తర్వాత వచ్చే అందరినీ తూకం వేస్తారు. మామూలుగా నడిపే, అప్పుడప్పుడు అద్దం గీసుకునే మగ డ్రైవర్‌కు దొరికే మన్నింపు ఆమెకూ దొరకాలి.

మరి ఎక్కడి నుంచి తీసుకురావాలి? ప్రకటనలో మెరిసే బండి పక్కన నవ్వుతూ నిలబడిన అమ్మాయి ఫొటో చూసి వచ్చేవాళ్లు తక్కువ, ఉండేవాళ్లు ఇంకా తక్కువ. నా అనుభవంలో నిలిచినవాళ్లు ఎక్కువగా ఈ పనిని దగ్గర నుంచి చూసినవాళ్లు. గోడౌన్లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపినవాళ్లు, బస్సు నడిపినవాళ్లు, డ్రైవర్ కూతుళ్లు, భర్తతో కలిసి ట్రిప్పులకు వెళ్లి అలవాటైనవాళ్లు. వాళ్లకు పని తెలుసు కాబట్టి నిజం చెబితే భయపడరు. అబద్ధం చెబితే మాత్రం వెంటనే పసిగడతారు. లైసెన్సు ఖర్చు, శిక్షణ రోజుల జీతం కంపెనీ పెట్టుకుంటే వీళ్లలో చాలామంది వస్తారు. ఆ ఖర్చును అప్పుగా రాసి, మధ్యలో మానేస్తే కట్టాలని సంతకం పెట్టించుకునే పద్ధతిని నేను వ్యతిరేకిస్తాను. వేధింపులు ఎదురైనా బండి దిగలేని స్థితికి ఆ అప్పు ఒక కారణం అవుతుంది.

మా దగ్గర మార్పు పెద్ద ఎత్తున మొదలవలేదు. ఒక నోటుబుక్కుతో మొదలైంది. ప్రతి రూటులో ఆగే చోట్లన్నీ రాయడం మొదలుపెట్టాను. ఏ గోడౌన్లో డ్రైవర్లకు బాత్రూమ్ ఉంది, ఏ టైము దాకా తెరిచి ఉంటుంది, తాళం చెవి ఎవరి దగ్గర, యార్డులో లైట్లున్నాయా, రాత్రి బండి ఆపుకోనిస్తారా, సెక్యూరిటీ వాళ్ల ప్రవర్తన ఎలా ఉంది. ట్రిప్పు నుంచి వచ్చిన ప్రతి డ్రైవర్‌ని, ఆడా మగా తేడా లేకుండా, అడిగి రాసేదాన్ని. మొదట్లో మగ డ్రైవర్లు ఇదేం పని అన్నట్టు చూశారు. నెల తిరిగేసరికి వాళ్లే వచ్చి చెప్పడం మొదలుపెట్టారు. ఒక పెద్దాయన ఒక గోడౌన్ పేరు చెప్పి, "అక్కడికి అమ్మాయిల్ని సాయంత్రం ట్రిప్పు వేయకమ్మా, పొద్దున వెయ్యి" అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు. కానీ సాయంత్రం ట్రిప్పులకే డబ్బు ఎక్కువ. ఆడవాళ్లను వాటి నుంచి తప్పిస్తే మళ్లీ ఆ వెయిటింగ్ లిస్టు కథే అవుతుంది. అందుకని ట్రిప్పు మార్చలేదు, ఆ గోడౌన్‌కు ఉత్తరం రాశాం. డ్రైవర్లకు రాత్రంతా బాత్రూమ్ తెరిచి ఉంచాలని, గేటు దగ్గర లైటు వేయాలని, రెండు గంటలు దాటి ఆపితే గంటకు ఇంత చొప్పున ఇవ్వాలని, ఆ డబ్బు డ్రైవర్‌కే వెళ్తుందని. కొన్నాళ్లు జవాబు లేదు. ఒప్పందం కొత్తగా రాసుకునే సమయం వచ్చినప్పుడు ఆ మూడు షరతులూ కాగితం మీద పెట్టాం. డబ్బు షరతు మీద బేరం ఆడారు. లైటుకూ బాత్రూమ్‌కూ ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఇంటర్వ్యూకి ఎవరు వచ్చినా ఆ నోటుబుక్కు ముందు పెడతాను. మీకు వేయబోయే రూటు ఇది, ఆగే చోట్లు ఇవి, ఇందులో ఈ రెండు చోట్లు బాగాలేవు, వాటి కోసం ప్రయత్నిస్తున్నాం, నెలకు ఇన్ని రాత్రులు బయట ఉండాలి అని చెబుతాను. అది విని కొందరు వద్దనుకుని వెళ్లిపోతారు. వాళ్లను ఆపను. చేరినవాళ్లు అంతకు ముందుకన్నా ఎక్కువ కాలం ఉంటున్నారు.

ఆ మొదటి ప్రశ్న అడిగిన ఆవిడకు ఈ మధ్య మళ్లీ ఫోన్ చేశాను. తిరిగి రమ్మని అడిగే హక్కు నాకు లేదనిపించి, నోటుబుక్కు గురించి మాత్రం చెప్పాను. తను నడిపిన రూటు పేజీ చదవమంది. చదువుతుంటే మధ్యలో ఆపి, "మూడోది తప్పు. అక్కడ బాత్రూమ్ ఉంది కానీ లోపల గడియ లేదు" అంది. రాసుకున్నాను. మర్నాడు పొద్దున ఆ గోడౌన్‌కు ఫోన్ చేశాను.